కెమెరా ముందు కుర్చీ

వరూధిని నాలుగు కనకాంబరాలు జతచేసి అరటినారతో ముడి వేయబోయింది. వేళ్లు వణికి పూలు ఒళ్లోకి రాలాయి. మళ్లీ ఏరుకుంది. పక్కన కూర్చుని పూలు అందిస్తున్న తోడికోడలు నళిని ఇంకో నాలుగు అందించింది. రెండేళ్ల కిందట తమ ఊరు హొసకోటె పూలంగళ్లలో వరూధిని కట్టిన దండ కావాలని అడిగి మరీ కొనేవాళ్లు. ఇప్పుడు మూర కట్టేసరికి పూలు వాడిపోతున్నాయి.

"చాల్లే, లెయ్యి. టీవీ డాక్టరు దగ్గిరికి పోవల్ల," అన్నాడు వరూధిని భర్త అమరనాథ్. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ముఖానికి పౌడరు రాసుకుని, అద్దంలో పాపిడి సరిచూసుకుంటున్నాడు.

"పెళ్లిచూపులకు పోతాండావేమప్పా?" అంది మంచం మీద నుంచి అతని తల్లి అక్కయమ్మ.

"బెంగళూరు డాక్టరమ్మ చూస్తాదమ్మా. మర్యాదగా ఉండొద్దా?"

ప్రతిసారీ తోడు వెళ్లే అక్కయమ్మకు మోకాళ్లు పట్టేశాయి. అందుకని ఈసారి నళిని బయలుదేరింది.

పోయిన ఏడు, అంటే 2004లో, వరూధినికి ఎవరూ లేనిచోట గొంతులు వినపడేవి. రాత్రుళ్లు నిద్ర ఉండేది కాదు. బస్టాండు వెనక ధర్మాసుపత్రిలో మంగళవారాలు మనసు డాక్టరు బెంగళూరు నుంచి టీవీలో చూస్తుందని తెలిసి తీసుకెళ్లారు. మాత్రలు మొదలుపెట్టిన మూడు నెలలకే గొంతులు పోయాయి. ఆ తర్వాతే చేతులు వణకడం మొదలైంది. నడక బిగుసుకుంది, మాట మందగించింది. అయినా నెలనెలా మాత్రలు పెరుగుతూనే ఉన్నాయి. ఎందుకో నళినికి అంతు పట్టేది కాదు.

ఆసుపత్రి గదిలో పెద్ద టీవీ, దాని మీద కెమెరా, ఎదురుగా ఒకే ఒక కుర్చీ ఉన్నాయి.

"మాట్లాడేవాళ్లు కూర్చోండన్నా," అన్నాడు అక్కడ యంత్రం నడిపే మహబూబ్ బాషా.

అమరనాథ్ కూర్చున్నాడు. వరూధిని అలవాటుగా వెళ్లి తలుపు పక్క గోడకు ఆనుకుంది. ఎవరూ చెప్పలేదు, ఆమే వెళ్లింది. నళినికి అదే మొదట గుచ్చుకుంది.

"ఎలా ఉందండీ?" టీవీలో డాక్టరమ్మ కాగితాలు తిప్పుతూ అడిగింది.

"అట్లే ఉండాది మేడం. పని చెయ్యదు. పిలిస్తే పలకదు. కూర్చుంటే కూర్చున్నట్టే ఉండాది."

"పేషెంట్ వచ్చారా?"

"వచ్చింది మేడం. ఈడే ఉండాది."

"మందు సరిగ్గా వేసుకుంటున్నారా?"

"నేనే దగ్గరుండి మింగిస్తాండా."

"అయితే రాత్రి ఇంకో మాత్ర పెంచుదాం."

టీవీ మూలన ఒక చిన్న చదరం ఉంది. తాము డాక్టరమ్మకు ఎలా కనిపిస్తున్నారో అందులో తెలుస్తుంది. నళిని చూపు దాని మీద పడింది. ఇస్త్రీ చొక్కా ఉంది, పౌడరు ముఖం ఉంది, పాపిడి ఉంది. వరూధినక్క చీర కొంగైనా లేదు.

"అన్నా, మా అక్కను ఎప్పుడూ ఆ కుర్చీలో కూర్చోబెట్టలేదా?" బాషాను గుసగుసగా అడిగింది.

"ఎనిమిది నెలలుగా మీ బావే గదమ్మా మాట్లాడేది."

నళిని కెమెరా వైపు ఒక అడుగు వేసింది. అప్పటికే డాక్టరమ్మ తర్వాతి పేరు పిలిచింది. బాషా చీటీ రాసి అమరనాథ్ చేతిలో పెట్టాడు.

దారి పొడుగునా నళిని కోపం దిగమింగుకుంటూ నడిచింది. ఇంటికొచ్చాక అమరనాథ్ చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తుంటే ఇక ఆగలేదు.

"బావా, డాక్టరమ్మ అక్కను ఒక్కసారన్నా చూసిందా?"

"చూడకుండానే మందిస్తాదా?"

"చూసింది మిమ్మల్ని. చేతులు వణికేది చెప్పినారా?"

"అది నరాల బలహీనత. మనసు డాక్టరుకు చేతుల్తో ఏం పని?"

"గొంతులు పోయినాయని చెప్పినారా? మాత్రలతోనే మాట మందమయిందేమో అని అడిగినారా?"

"ఇంటికి పెద్దోడు నేనుండంగా ఆడమనిషిని టీవీ ముందర కూర్చోబెట్టల్నా?"

"జబ్బు మీకా, అక్కకా?"

"సుమ్నే ఉండవే," అని నోరు మూయించబోయింది అక్కయమ్మ. "వాడేమన్నా చెడు చేసినాడా? పని మానుకొని తీసకపోతాండాడు."

"తీసకపోతాండాడు అత్తా. గోడ దాకా."

అమరనాథ్ ముఖం ఎర్రబడింది. "అయిందా? వచ్చే నెల చూస్తాంలే," అన్నాడు.

ఇంకో నెల. ఇంకో మాత్ర. నళినికి కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎనిమిది నెలలుగా ఒక మనిషిని వైద్యానికని తీసుకెళ్లి, ఆమెకు తప్ప అందరికీ ఆ గదిలో చోటిచ్చారు. అడగాల్సిన డాక్టరమ్మ "వచ్చారా" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంది. ఆసుపత్రి వాళ్లకు ఇంకో కుర్చీ వెయ్యాలని తోచలేదు. ఇన్నాళ్లూ పూలు అందిస్తూ కూర్చున్న తనకూ తోచలేదు.

"బాషా... ఎంత సేపుంటాడు?" వరూధిని ఒక్కో మాటా కూడదీసుకుంటూ అడిగింది.

"ఒంటిగంట దాకా అక్కా," అంది నళిని.

గడియారంలో పన్నెండు కావస్తోంది. వరూధిని గోడ పట్టుకుని లేచింది. కొక్కేనికున్న చొక్కా జేబులోంచి చీటీ తీసుకుంది. పొద్దున మిగిలిన కనకాంబరాలను, అరటినారను కొంగులో మూట కట్టుకుంది. ముడి పడడానికి చాలాసేపు పట్టింది. నళిని చెయ్యి సాయానికి లేచింది కానీ, ఆ ముడి అక్కే వేసుకోవాలనిపించి, మళ్లీ దించేసుకుంది.

"యాడికి?" అన్నాడు అమరనాథ్.

వరూధిని చెప్పులు వేసుకుంది. మూటను గుండెకు ఆనించి పట్టుకుని, గడప దాటి ఆసుపత్రి దారి పట్టింది.