నాలుగు చక్రాలూ లాగాల

కోకిల పొద్దున్నే వాకిలి చిమ్మేటప్పుడు టైరు జాడల జోలికి పోదు. చీపురు వాటి పక్కనుంచి పోనిస్తుంది. నీళ్ళు కూడా వాటి మీద పడకుండా చల్లి, రెండు జాడల నడుమ మిగిలిన జాగాలో నాలుగు చుక్కల ముగ్గు పెడుతుంది. అంతకంటే పెద్ద ముగ్గుకు ఓపిక లేదు, టైమూ లేదు. తిరుత్తణిలో ఏడూ నలభై కరెంటు రైలు పట్టుకోవాలి. తిరువళ్ళూరులో ఒక ప్రైవేటు బడి ఆఫీసులో ఆమెకు పని. రాసిందే రాయడం, అడిగిందే అడిగేవాళ్ళకు చెప్పిందే చెప్పడం.

"యశ ఈ పొద్దు బిరీన పోయినట్టుండాదే అక్కా," అనింది ఎదురింటి దేవకి, పాలచెంబు పట్టుకుని పోతూ.

"సోమవారం గదా. మీటింగంట."

"ఎంత ఎర్రమట్టి తెచ్చినాదో చూడు. ఆడ వాన గట్టిగానే కొట్టుంటాది."

"ఊఁ."

యశ అంటే యశస్విని, కోకిలకు ఒక్కతే కూతురు. తాయ్‌లాండ్‌లో, చియాంగ్ మాయి అవతల కొండల్లో, విత్తనాల కంపెనీ వాళ్ళ పొలంలో ఉద్యోగం. మిరప, టమాటా వంగడాలు చూస్తుంది. ఆమె బండి అక్కడ తిరిగితే జాడ ఇక్కడ పడుతుంది. పది నెలలుగా ఇంతే. పాలబ్బాయి బండిని ఆ జాడల మీద పెట్టకుండా కొంచెం అవతల ఆపుతాడు. కరెంటు బిల్లు రాసుకోను వచ్చినాయన దాటుకుని వస్తాడు. ఊళ్ళో ఎవరికీ అది పెద్ద విషయం కాదు.

బండి కొనేటప్పుడు మాత్రం నాలుగు నెలలు పట్టింది. వద్దు వద్దంటానే కొనింది యశ. ఇప్పటికి రెండేళ్ళ కింద చిన్న కారు ఒకటుండేది. ముందు చక్రాలే లాగే కారు. కోకిల, ఆమె భర్త మునిరత్నం కూతుర్ని చూడను పోయినారు. కొండ మీది పై పొలం చూపిస్తానని యశ వాళ్ళను ఎక్కించుకుని బయల్దేరింది. నడుమ ఒక తెల్లమట్టి ఎగువ ఉంది, నిటారుగా పైకెక్కే దోవ. వాన పడి సబ్బు మాదిరి ఉంది. సగం దూరం ఎక్కినాక ముందు చక్రాలు గిరగిర తిరిగినాయి, కారు వెనక్కి జారింది, ఎడమ పక్క గండిలోకి దొర్లింది. ఎడమ పక్క సీట్లో కూర్చున్నది మునిరత్నం.

మనిషిని పెట్టెలో తెచ్చినారు. పదకొండో దినం చుట్టాలు వరండాలో కూర్చుని అన్నారు: "ఆడపిల్ల చేతికి బండి ఇస్తే ఇంతే." యశ లోపల గుమ్మం పక్కనే ఉంది. కోకిల ఆ గుమ్మంలోనే ఉంది. ఆమె ఒక్క మాట అనలేదు.

అనాల్సింది ఒకటుంది. ఆ పొద్దు ఎగువ కింద యశ కారు ఆపింది. "దోవ బాగలేదమ్మా, వెనక్కి పోదాం," అనింది. వెనక సీట్లో నడుము నొప్పితో కూర్చున్న కోకిలే అనింది, "ఇంత దూరం వచ్చి వెనక్కి పోయేదేంది? పోనీ," అని. మునిరత్నం నవ్వినాడు. యశ పోనిచ్చింది.

ఆ సంగతి ఇద్దరికే తెలుసు. ఇద్దరూ దాన్ని గురించి మాట్లాడరు. యశ మళ్ళీ ఆ ఎగువ దోవన పోలేదు. కొండ చుట్టి ఇంకో దోవ ఉంది, గంటన్నర ఎక్కువ. పై పొలం బాధ్యత మీద పడినాక సొంత బండి లేకుండా కుదర్లేదు. అప్పుడు తల్లీకూతుళ్ళ మధ్య ఫోన్లు మొదలైనాయి. అంతా బండి గురించే.

"ఈడ అందరూ పికప్‌లే కొంటారు. గట్టివి. వెనక చక్రాలు లాగతాయి," అనింది యశ.

"నాలుగూ లాగతాయా?"

"లేదు. వెనక రెండే."

"వేండాం, వద్దే వద్దు."

ఇంకో వారం ఇంకోటి. "ఎత్తుగా ఉండాది, చూసేదానికి పెద్ద బండే. లోపల మాత్రం ముందు చక్రాలదే."

"నాలుగూ లాగాల యశా."

ఆ మాట పక్కింటి షణ్ముగం మామ చెవిన పడింది. ముప్పై ఏండ్లుగా చక్కెర మిల్లుకు చెరుకు తోలే ట్రాక్టరాయన. అరుగు మీదనుంచే అందుకున్నాడు. "ముందు చక్రాలు దోవ తిప్పేదానికమ్మా. వెనక చక్రాలు లాగేదానికి. మనిషికి గూడా అంతే. చేతులతో ఎవరన్నా నడస్తారా?"

"కొండ ఎక్కేటప్పుడు చేతులూ ఆనిస్తాం గదా మామా," అనింది కోకిల.

 షణ్ముగం బీడీ ఆరిపోయిందని అగ్గిపెట్టె కోసం లోపలికి పోయినాడు.

చివరికి యశతో పనిచేసే నోక్ అనే అమ్మాయి ఒక ఎస్‌యూవీ చూపించింది. నేలకు ఎత్తు, నాలుగు చక్రాలకూ ఇంజను బలం పోతుంది, ఒక చక్రం జారితే తక్కిన మూడూ అందుకుంటాయి. పరాయి దేశం మనిషి కాబట్టి పర్మిట్టు, ఇల్లుగలామె రాసిచ్చిన కాయితం, ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో ఇంకో కాయితం. అన్నీ అయినాక ఎర్ర నంబరు పలకతో బండి ఇచ్చినారు. అసలు పలక వచ్చేదాకా పొద్దు పోయినాక తోలకూడదని నోక్ చెప్పిందంట. అది విని కోకిలకు కొంచెం నిమ్మళమైంది. ఆ పలక మార్చకుండా ఉంటే బాగుణ్ణు అనుకునింది.

అక్కడ బౌద్ధ సన్న్యాసి బండి లోపల కప్పుకు తెల్ల చుక్కలు పెట్టినాడు. సరే, మంచిదే. కానీ కొత్త బండి తిరుత్తణి కొండెక్కి పూజ చేయించుకోకుండా ఇంటి బండి ఎట్లయితుంది? బండి రాలేదు కాబట్టి కోకిల ఫోనులో ఫొటో తీసుకుని కొండకు పోయింది.

"బండి యాడమ్మా?" అన్నాడు గుళ్ళో పూజ చేసే గురుక్కళ్.

"తాయ్‌లాండ్‌లో ఉండాది సామీ."

"సరి, సరి." ఫోను మీద విభూతి చల్లి, హారతి చూపించి, నాలుగు నిమ్మకాయలు చేతిలో పెట్టినాడు.

యశను అడిగి చక్రానికీ చక్రానికీ దూరం కనుక్కుని, తాడుతో కొలిచి, వాకిట్లో నాలుగు చోట్ల నాలుగు కాయలు పెట్టింది కోకిల. పొద్దున చూస్తే నాలుగూ చితికి ఉన్నాయి. రసం ఇంకా తడిగా ఉంది. అక్కడినుంచి జాడ వీధి దాకా పోయి ఆగింది. ఆ పొద్దునుంచి పడతానే ఉంది.

జాడ చూసి బండి బాగోగులు చెప్పడం షణ్ముగం మామకు అలవాటైంది. "ఎడమ ముందు చక్రం లోపలంచు అరగతా ఉండాది. అలైన్‌మెంట్ చూపించమను." చూపిస్తే నిజమే. వానాకాలానికి మొరటు పళ్ళ టైర్లు వేయించిన సంగతి యశ చెప్పకముందే ఆయన చెప్పినాడు. కోకిల ఇవన్నీ ఫోనులో అప్పజెప్పేది. యశ "సరేమ్మా" అనేది. తర్వాత రెండు పక్కలా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మునిరత్నం కూర్చుని ఉండేవాడు. ఎవరో ఒకరు ఫోను పెట్టేసేవాళ్ళు.

ఆగస్టు చివర, ఆవణి నెలలో యశ చెప్పింది. "కొండ చుట్టి పోయే దోవ తెగిపోయిందమ్మా. మట్టి విరిగి పడింది. బాగయ్యేదానికి ఏడాది పడుతుందంట. ఇంక పై పొలానికి ఆ ఎగువ ఒక్కటే దోవ."

కోకిల ఫోను ఇంకో చెవికి మార్చుకునింది.

"నేను పోలేను. ఉద్యోగం మానేస్తా. బండి అమ్మేస్తా. బ్యాంకాక్‌లో ఏదో ఆఫీసు పని చూస్తానన్నాది నోక్." మళ్ళీ తనే, "నువ్వేమంటావు?" అనింది.

అప్పుడే చెప్పాల్సింది.  ఆరేళ్ళు చదివి, ఆ మిరప నారు మీద పిల్ల మాదిరి ప్రాణం పెట్టుకున్న కూతురు, తల్లి ఆ మాట దాచుకున్నందుకే దాన్ని వదులుకుంటా ఉంది. కోకిలకు అది తెలుసు.

"నీ ఇష్టం," అనింది.

ఫోను పెట్టి, అన్నం గిన్నె మీద మూత పెట్టింది.

ఆ ఆదివారం పది గంటలప్పుడు గ్రైండరులో మినప్పప్పు వేసి వాకిట్లోకి వచ్చింది కోకిల. పొద్దున పెట్టిన ముగ్గు మీదుగా కొత్త జాడ పడి ఉంది. ఎర్రది కాదు. తెల్లమట్టి. ఆ మట్టి ఆమెకు తెలుసు. కారు దొర్లిన పొద్దు చీర కుచ్చిళ్ళకు అంటింది అదే.

యశ ఎగువ ఎక్కుతా ఉంది.

ఫోను చేసింది. అందుబాటులో లేరన్నారు. మళ్ళీ చేసింది. చూస్తుండగానే వాకిట్లో నాలుగు చోట్ల మట్టి కుంగింది. చక్రాలు తిరగతా ఉన్నట్టు తెల్లటి బురద కొంచెం కొంచెంగా వెనక్కి ఎగిరి పడింది. గుంటలు చెయ్యి లోతయినాయి.

"మామా," అని పిలిచింది.  షణ్ముగం వచ్చి చూసి, లుంగీ ఎగగట్టినాడు.

"ఇరుక్కున్నాది. దేవకీ, మా కొట్టం మీద కప్పేదానికి పెట్టిన చెరుకు సోగ ఉండాది, మోపు ఎత్తకరా."

చెరుకు బండి తడి పొలంలో దిగబడితే ఈ పక్క అందరూ చేసేది అదే. చెరుకు కొట్టినాక మిగిలిన ఎండాకును చక్రాల కింద తొక్కితే చక్రానికి పట్టు దొరుకుతుంది. దేవకి మోపు తెచ్చి పడేసింది. షణ్ముగం మోకాళ్ళ మీద కూర్చుని వెనక గుంటలు రెండింటిలో సోగ కుక్కినాడు. ముప్పై ఏండ్ల చేతివాటం. ముందు గుంటల వైపు చూడనుకూడా చూడలేదు.

వెనక గుంటల్లో సోగ నలిగింది. బండి ఒక్కసారి ముందుకు ఊగినట్టు జాడ జానెడు కదిలింది. ఆ తోపుకు ముందు చక్రాల జాడ ఎడమకు జారింది. ఎడమ పక్క వాకిలి అంచున మురుగు కాలవ ఉంది. జాడ దానికి మూరెడు దూరంలో ఆగింది.

"ఎడమకు యాడికి పోతా ఉండాది ఇది," అన్నాడు షణ్ముగం, మెల్లగా.

"ఇది ట్రాక్టరు కాదు మామా," అనింది కోకిల. "ముందువీ లాగతాయి. వాటికీ పట్టు ఉండాల."

మోపులో మిగిలిన సోగ రెండు చేతులా ఎత్తుకుని ముందు గుంటల దగ్గర చతికిలబడింది. ఎడమ చక్రం కింద మొదట. చేత్తో తోస్తే ఆకు అంచులు కోసినాయి. లోపల మట్టి చల్లగా ఉంది, ఇక్కడి ఎండకు సంబంధం లేని చల్లదనం. మోచేతి దాకా దూర్చి తొక్కింది. తర్వాత కుడి పక్క. లోపల గ్రైండరు తిరగతానే ఉంది. దేవకి ఎప్పుడు పోయి ఆపిందో, ఆ చప్పుడు ఆగింది.

నాలుగు గుంటల్లోనూ సోగ ఒక్కసారే నలిగింది. జాడ కాలవ అంచు వదిలి నడిమికి వచ్చింది. ముగ్గు దాటింది. మెట్టు ఎక్కింది, రెండో మెట్టు, మూడోది. గుమ్మం ముందర నాలుగు తెల్లటి ముద్దలు పెట్టి ఆగింది.

షణ్ముగం చేతులు దులుపుకున్నాడు. "నాలుగూ లాగినాయి," అన్నాడు.  కూర్చుని బీడీ ముట్టించినాడు.

కాసేపటికి ఫోను మోగింది.

"అమ్మా. పైన ఉండాను." యశ ఊపిరి ఎగబీలుస్తా ఉంది. "నోటీసు ఇచ్చే ముందర నారు ఒకసారి చూసి పోదామని వస్తిని. సగంలో ఇరుక్కుంటిని. చక్రాల కింద ఎవరో చెరుకు సోగ వేసినారు."

"వేసినాం."

"ఊఁ." గాలి చప్పుడు. "ఎడమకు జారినాది ఒకసారి."

"చూసినా." కోకిల మెట్టు మీద కూర్చుంది.  చేతుల మీద కోసుకున్న చోట్ల రక్తం తెల్లమట్టిలో కలిసి ఆరిపోయింది. షణ్ముగం, దేవకి అక్కడే ఉన్నారు. ఉండనీలే అనుకునింది. వాళ్ళూ వినాల్సిందే.

"యశా. ఆ పొద్దు నువ్వు బండి ఆపినావు. వెనక్కి పోదామన్నావు. పోనీ అనింది నేను. మీ నాయన కాదు, నువ్వు కాదు. నేను."

 దేవకి కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది.

"పదకొండో దినం వాళ్ళు నిన్ను అన్నప్పుడు నేను గుమ్మంలోనే ఉండాను. నోరు తెరవలేదు."

"చూసినా నేను," అనింది యశ. "నువ్వు నిలబడిందీ చూసినా. ఇప్పుడు చెప్తావు, ఇప్పుడు చెప్తావు అని రెండేండ్లు ఎదురుచూసినా. నేను అడగాలనుకోలేదు."

"నువ్వెందుకు అడగాల."

"దాన్ని గురించి ఇప్పుడు మాట్లాడలేనమ్మా. కోపం ఉండాది. ఈడినుంచి కింద లోయ కనపడతా ఉండాది. ముందు దిగాల."

"దిగు. నిదానంగా."

"సోగ తీసేయొద్దండి. దిగేదానికి గూడా కావాల." ఫోను పెట్టేస్తుందనుకునింది కోకిల. పెట్టలేదు. "నారు బాగుండాది. ఈ వారం నాటు వేయకపోతే చచ్చిపోతుంది. రేపు మళ్ళీ రావాల. ఎల్లుండి గూడా."

"నోటీసు?"

"నాటు కానీ. చూస్తాం."

ఫోను కొంగుకు తుడిచి పక్కన పెట్టింది కోకిల. దేవకి ఆవు అప్పుడే సోగ వాసన పట్టి గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. కోకిల లేచి దాన్ని అదిలించి, గేటుకు గడి వేసి, గుంటల పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

"కాసేపు నడుము వాల్చుపోమ్మా, నేను చూస్తాలే," అన్నాడు షణ్ముగం.

"వేండాం మామా. నువ్వు ఇంకో రెండు మోపులు తెచ్చి పెట్టు. ఆడ వానలు ఐపసి దాకా, ఇంకా రెండు నెలలు ఉంటాయంట."