జోనాస్ పెంకెత్ మాట

"మా వంశంలో మూడువందల ఏళ్ళుగా ఒక్కరూ ఒట్టు వేసి ఎరగరు" అన్నాడు లారెన్స్, ఉడకబెట్టిన గుడ్డు పెంకు బల్లమీద రాలుస్తూ. "ఆ వాక్యంతో మొదలుపెడదాం. టైపు చెయ్యి."

ఆవెరిల్ ముందు పెంకులు ఏరి చెత్తబుట్టలో వేసింది. చెయ్యి కడుక్కుంది. ఆ తర్వాత టైపు చేసింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ వరస ఏనాడూ మారలేదు. మొదలుపెట్టేటప్పుడు ఇద్దరూ ఉంటారు, చేసేటప్పుడు ఆమె ఒక్కతే ఉంటుంది.

కౌన్సిల్లో రోడ్లు కొలిచే ఉద్యోగం నుంచి రిటైరయ్యాక లారెన్స్‌కి పూర్వీకుల పిచ్చి పట్టింది. పట్టడం అతనికి పట్టింది గానీ, కళ్ళు పోగొట్టుకుంటూ పాత చేతిరాతలు చదివింది ఆవెరిల్, అట్లాంటిక్ అవతలి వాళ్ళకి ఉత్తరాలు రాసింది ఆవెరిల్, ఎవరు ఎవరికి పుట్టారో గుర్తుపెట్టుకుంటున్నది ఆవెరిల్. పుస్తకం మీద పేరు మాత్రం లారెన్స్ పెంకెత్ అని పడుతుంది. లోపల ఎక్కడో "ఓపిగ్గా టైపు చేసిన నా భార్యకు" అని ఒక ముక్క ఉంటుందిట. ఆ ముక్క కూడా ఆమే టైపు చేసింది.

పెంకెత్‌లు క్వేకర్లు, క్రైస్తవుల్లో ఒక శాఖ. తమలో తాము ఫ్రెండ్స్ అని పిలుచుకుంటారు. ఇంగ్లండులోని ఆల్‌బీ రేవులో ఫ్రెండ్స్ అంటే ఒకప్పుడు ఓడలూ, గిడ్డంగులూ, తూనికలో మోసం లేని దుకాణాలూ. వాళ్ళు కోర్టులో కూడా బైబిలు మీద చెయ్యి వేయరు. రోజూ నిజమే చెప్పేవాడు ఇవాళ ప్రత్యేకంగా ఒట్టు వెయ్యడమేమిటి, అలా వేస్తే మిగతా రోజుల్లో అబద్ధమాడినట్టేగా అంటారు. అందుకని ఫ్రెండ్ నోట మాట వస్తే చాలు, దానికి సాక్షి అక్కర్లేదు. లారెన్స్ పుస్తకానికి నాయకుడు జోనాస్ పెంకెత్ అలాంటివాడు. ఇక్కణ్ణుంచి ఉప్పూ నారబట్టా ఫిలడెల్ఫియాకి పంపి, అక్కణ్ణుంచి అవిసెగింజలూ కలపా తెప్పించిన వర్తకుడు. పుస్తకం పేరే 'మాట తప్పని వర్తకుడు'.

మూడో అధ్యాయం దగ్గర ఆవెరిల్ చెయ్యి ఆగింది. అది జోనాస్ మొదటి భార్య తామారు అధ్యాయం. అధ్యాయమంటే పేజీన్నర. ఆ రోజుల్లో కూడా ఫ్రెండ్స్ ఆడవాళ్ళు సభలో లేచి మాట్లాడేవారు. మనసులో దేవుడి పిలుపు వినిపించిందంటే మీటింగ్ అనే తమ ఊరి సంఘం ఒప్పుకోలుతో దేశాలు తిరిగి బోధ చేసేవారు. తామారు అలాగే ముగ్గురు పిల్లల్ని ఇంట్లో వదిలి పెన్సిల్వేనియా వెళ్ళింది. తిరిగొస్తూ జోనాస్ సొంత ఓడలోంచే సముద్రంలో పడి పోయింది. జోనాస్ ఏడాది దుఃఖపడి, మోకుల కర్మాగారం ఉన్న ఒక వితంతువుని పెళ్ళాడాడు. అంతే కథ.

లారెన్స్ చెల్లెలు ఫిలిప్పా ఈ సంగతి వచ్చినప్పుడల్లా ఒకటే అనేది. "పిల్లల్ని వదిలేసి ఊళ్ళు పట్టుకు తిరిగితే సముద్రం మాత్రం ఊరుకుంటుందా?" ఆమాట ఆవెరిల్ పెళ్ళైన కొత్తలో ఆమె అత్తగారూ అనేది, పళ్ళెంలో బంగాళాదుంపలు వడ్డించుకుంటూ, కోడలి ముఖంలోకి చూస్తూ.

ఇన్నేళ్ళూ విని ఊరుకున్న కథే. కానీ టైపు చేసేవాళ్ళకి ఒక రోగం ఉంటుంది, ప్రతి మాటా రెండుసార్లు చదువుతారు. ఓడ కెప్టెన్ చెప్పినట్టు ఎక్కడా లేదు. నావికులు చెప్పినట్టు లేదు. ఆల్‌బీ మీటింగ్ రాతల్లో ఉన్నదల్లా ఒక్క వాక్యం. తన భార్య సముద్రంలో పోయిందని ఫ్రెండ్ జోనాస్ పెంకెత్ మాకు తెలియజేశాడు. ఆ వాక్యం మీదే రెండో పెళ్ళికి ఒప్పుకున్నారు.

"జోనాస్ తప్ప ఇంకెవరూ చెప్పలేదా?" అని అడిగింది ఆ రాత్రి భోజనాల దగ్గర.

"ఫ్రెండ్ చెప్పాక ఇంకెవరు చెప్పాలి?" అన్నాడు లారెన్స్. ఆదివారం వచ్చిన ఫిలిప్పా ఆ సంగతి విని నవ్వింది. కందకి లేని దురద కత్తిపీటకెందుకంది. పోయింది పెంకెత్‌ల ఇంటి మనిషి, పెంకెత్‌లకే లేని అనుమానం నీకెందుకు అని అర్థం. నలభై ఏళ్ళ తర్వాత కూడా ఆవెరిల్ పెంకెత్ కాదు, పెంకెత్‌ల ఇంట్లో కత్తిపీట.

అనుమానం ఒకసారి దూరాక చెవిలో జోరీగే. నిద్రపోనివ్వదు.

పెన్సిల్వేనియాలో ఆవెరిల్ ఉత్తరాలు రాసేది ల్యూసిల్ యార్నాల్ అనే ముసలామెకి. ఎనభై దాటాయి, చెవులు మొరాయించినా కళ్ళు చురుకు. ఆ వారం ఇద్దరూ మొదటిసారి కంప్యూటర్లో ముఖాలు చూసుకున్నారు. ల్యూసిల్ వెనక గోడమీద చట్రం కట్టిన పెద్ద పత్రం ఒకటి వేలాడుతోంది. ఆవెరిల్‌కి అదేమిటో చెప్పక్కర్లేదు, అలాంటిది వాళ్ళ హాల్లోనూ ఉంది. ఫ్రెండ్స్ పెళ్ళికి పాస్టరు ఉండడు. ఆడా మగా లేచి నిలబడి ఒకరికొకరు మాట ఇచ్చుకుంటారు. ఆ గదిలో ఉన్న ప్రతి మనిషీ, పిల్లలతో సహా, పత్రం కింద సంతకం చేస్తారు. సంతకం ఉందంటే ఆ మనిషి ఆ రోజు ఆ గదిలో ఉన్నట్టే. వాళ్ళ హాల్లో ఉన్నది జోనాస్, తామారుల పెళ్ళిపత్రం. వారం వారం దాని దుమ్ము తుడిచేది ఎవరో వేరే చెప్పాలా?

"ఒక్కసారి కొంచెం పక్కకి జరుగు ల్యూసిల్" అంది ఆవెరిల్.

ల్యూసిల్ జరిగింది. కుడివైపు వరసలో, కిందినుంచి మూడో సంతకం. మొదటి అక్షరం 'టీ' మీది గీత పేరంతటినీ కప్పుతూ చూరులా చివరిదాకా సాగింది. ఆ చూరు ఆవెరిల్‌కి గుడ్డ పట్టుకున్న చేత్తో తెలుసు. తామారు పెంకెత్. పత్రం మీది తేదీ చూస్తే, సముద్రంలో పోయిన పన్నెండేళ్ళకి ఎవరిదో పెళ్ళికి వచ్చి సంతకం పెట్టింది.

"ఓ, ఆవిడా" అంది ల్యూసిల్ తాపీగా. "మాకు చుట్టమేం కాదు తల్లీ. బోధ చెయ్యడానికి ఇంగ్లండు నుంచి వచ్చి ఉండిపోయింది. ఆడపిల్లలకి బడి పెట్టింది. ఓడ ఖర్చులకి డబ్బు పంపమని మొగుడికి కబురు మీద కబురు పెట్టిందిట, జవాబు లేదు. ఆఖరికి ఓడవాళ్ళే ఆయన రెండో పెళ్ళి కబురు మోసుకొచ్చారు. తిరిగి వెళ్ళవా అని ఎవరైనా అడిగితే, 'అక్కడ నేను పోయానట, పోయినదాన్ని వెళ్ళి ఎవర్ని భయపెట్టను' అనేదిట. మా ఇంట్లో పిల్లలందరికీ తెలుసు ఈ కథ."

ఆవెరిల్‌కి ఏడుపు వచ్చింది. ముగ్గురు పిల్లలు ఇక్కడ తల్లి లేదనుకుని పెరిగారు. తల్లి అక్కడ ఊళ్ళోవాళ్ళ పిల్లలకి అక్షరాలు దిద్దిస్తూ కూర్చుంది. మధ్యలో ఒక్క మగవాడి మాట, అదీ ఒట్టు కూడా అక్కర్లేని మాట.

ల్యూసిల్ ఆ రోజు ఇంకో సంగతి చెప్పింది. వాళ్ళ మీటింగ్ తరఫున ఆల్‌బీ మీటింగ్‌కి రాశారుట. రెండు ఊళ్ళ కుటుంబాల చరిత్ర రాయడానికి మూడు నెలలు ఎవర్నైనా పంపండి, ఖర్చులు మావి, ఆవెరిల్ పెంకెత్‌ని పంపితే మరీ సంతోషం అని. "నిన్నింకా అడగలేదా?" అంది. అడగలేదు. ఆవెరిల్ ఎవర్నీ కదపలేదు, నన్ను పంపండని తనంతట తనే ముందుకు తోసుకోవడం ఫ్రెండ్స్‌లో లేదు. కానీ వెళ్ళాలని ఉంది. పండక్కి మేనత్త ఇంటికి వెళ్ళాలని పేచీపెట్టే పిల్లకున్నంతగా ఉంది. ఎవరూ చూడకుండా అక్కడ శీతాకాలం ఎలా ఉంటుందో చదువుకుంది. అటకమీది పెట్టె దించి తుడిచి మళ్ళీ ఎక్కించింది.

లారెన్స్‌కి సంతకం సంగతి చెబితే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "తామారులు ఎంతమంది లేరు? ముసలామె నోటిమాటలు చరిత్ర కావు."

"జోనాస్‌దీ నోటిమాటే కదా."

"జోనాస్ ఫ్రెండ్."

"ఆవిడా ఫ్రెండే."

లారెన్స్ ఆమె భుజం తట్టాడు. ఈమధ్య నీకు అనుమానం ఎక్కువైంది, నిద్ర చాలక అన్నాడు. పుస్తకం ఆదివారం సభలో ఒప్పించుకుంటే మీటింగ్ ఖర్చుతోనే అచ్చవుతుంది, ఇప్పుడు మూడో అధ్యాయం కెలకడం బాగుండదన్నాడు. ఇంతలో ఫోన్ మోగితే తీసుకుని పక్కగదిలోకి వెళ్ళి తలుపు చేరవేశాడు. అతను తలుపు వేసుకుని మాట్లాడటం ఇవాళ కొత్త కాదు. ఆమె దాన్ని పట్టించుకోవడం కొత్త.

'ఆవెరిల్‌కి నలుగురిలో మాట్లాడటం ఇష్టం ఉండదు.' ఈ మాట తను ఎప్పుడు అంది? ఎంత తవ్వుకున్నా తన నోటినుంచి వచ్చిన గుర్తు లేదు. ఫిలిప్పా అనగా వింది. అత్తగారు అనగా వింది. వింటూ వింటూ నిజమే కాబోలు అనుకుంది. బడి లైబ్రరీలో పనిచేసేటప్పుడు హెడ్‌మాస్టరు పూర్తికాలం ఉద్యోగం ఇస్తానన్నాడని ఎవరో చెప్పారు, మళ్ళీ ఆ ఊసే రాలేదు. హెడ్‌మాస్టరూ లారెన్సూ శనివారాలు కలిసి కొండలెక్కేవారు. అత్తగారికి పక్షవాతం వచ్చినప్పుడు "ఆవెరిల్ చూసుకుంటానంది" అని లారెన్స్ డాక్టరుకి చెబుతుంటే తను అక్కడే మందుల సంచీతో నిలబడి ఉంది. అన్నానా అని ఆలోచించే లోపల డాక్టరు "అదృష్టవంతులు" అనేశాడు. ఇంకెన్ని చోట్ల తను ఎన్ని అంది? తనకి తెలియకుండా తను ఒప్పుకున్నవెన్ని, వద్దన్నవెన్ని? కట్టుకున్నవాణ్ణి అనుమానించడానికి సిగ్గేసింది. సిగ్గేసినా అనుమానం పోలేదు.

ఆదివారం మౌనప్రార్థన అయ్యాక టీ ఇచ్చారు. టీ అయ్యాక కార్యసభ. మధ్యలో కప్పులు కడిగే వంతు ఎప్పటిలాగే ఆవెరిల్‌ది. సభ నడిపే ఐవీ పక్కన నిలబడి తుడుస్తోంది. ఫ్రెండ్స్‌లో గార్లూ దొరలూ లేరు, ఎనభై ఏళ్ళ ఐవీని పిల్లలు కూడా ఐవీ అనే పిలుస్తారు.

"పోన్లే అమ్మాయ్, మూడు నెలలంటే నీకూ కష్టమే" అంది ఐవీ. "ఆ రోజు ఫోన్ చేస్తే నువ్వు పడుకున్నావన్నాడు లారెన్స్. పెన్సిల్వేనియా సంగతి నీతో ముందే మాట్లాడాట్ట, వెళ్ళలేనన్నావుట. అతనే చెప్పాక నిన్ను మళ్ళీ గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదనిపించింది."

"అలా చెప్పాడా" అంది ఆవెరిల్. ఊళ్ళోవాళ్ళముందు మొగుడి పరువు కాపాడటం చేతులకి సబ్బులా అలవాటైపోయింది. కప్పు కడిగి, బోర్లించి, కోట్లు తగిలించే చోట లారెన్స్‌ని పట్టుకుంది.

"నేను వెళ్ళలేనన్నానని ఐవీకి చెప్పావా?"

"చెప్పాను." అబద్ధమాడడు కదా, వెంటనే ఒప్పుకున్నాడు.

"నన్ను అడిగావా?"

"అడగడమెందుకు? నువ్వేమంటావో నాకు తెలియదా? నీ మోకాళ్ళూ, ఆ విమానం, ఎప్పుడూ ఎరగని మనుషులూ. నీకు శ్రమ లేకుండా నీ తరఫున నేనే చెప్పాను. ఇందులో అబద్ధం ఎక్కడుంది?"

అతని ముఖంలోకి చూసింది. నిజంగానే ఎక్కడా లేదు. దొంగచూపు లేదు, తడబాటు లేదు. మనసారా నిజం చెబుతున్నవాడి ముఖం అది. ఇదే ముఖంతో చెప్పి ఉంటాడు జోనాస్ కూడా. ఇంటికి రాని పెళ్ళాం ఉన్నా పోయినా ఒకటే కదా, తనకి పోయినట్టే కదా అనుకుని, రాత్రి హాయిగా నిద్రపోయి ఉంటాడు. వాళ్ళు అబద్ధాలు చెప్పలేదు. ఆడవాళ్ళని అడగలేదు, అంతే.

కార్యసభలో ఓట్లు ఉండవు. విషయం చదువుతారు, మౌనంగా కూర్చుంటారు, ఎవరికీ అభ్యంతరం లేదనిపిస్తే నిర్ణయం రాసేస్తారు. మౌనం అర్ధాంగీకారమని లోకం అంటుంది గానీ ఆల్‌బీలో మౌనం పూర్తి అంగీకారం. బెంచీల మీద పాతికమంది ఉన్నారు. లారెన్స్ ఆమె కోటు కూడా తన ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు, ప్రేమగానే.

ఐవీ కళ్ళజోడు సర్దుకుని చదివింది. ఫ్రెండ్ లారెన్స్ పెంకెత్ రాసిన 'మాట తప్పని వర్తకుడు' మీటింగ్ తరఫున అచ్చువేయడానికి సమ్మతి. పెన్సిల్వేనియా ఫ్రెండ్స్ ఆహ్వానానికి కృతజ్ఞతలు, ఫ్రెండ్ ఆవెరిల్ పెంకెత్ వెళ్ళలేనని తెలియజేసినందున వేరొకరి పేరు ఆలోచించడం. చదివి తలెత్తింది. గదంతా మౌనంలోకి దిగింది.

ఆ మౌనంలో ఆవెరిల్ నలభై ఏళ్ళుగా కూర్చుంటోంది. ఎన్నడూ లేవలేదు. లేస్తే ఇంటికెళ్ళాక ఏమవుతుందో తెలుసు. లారెన్స్ కేకలు వెయ్యడు, వారం రోజులు బాధపడతాడు, ఆ బాధకి టీ కాచి ఇవ్వాల్సింది తనే. ఫిలిప్పా వచ్చి కూర్చుంటుంది. అదంతా తెలిసే ముందు బెంచీ వీపు పట్టుకుని లేచింది. మోకాలు కలుక్కుమంది. లారెన్స్ ఆమె చెయ్యి పట్టుకుని, ఒంట్లో బాగులేదా అని గొణిగి, ఐవీ వైపు తిరిగి ఏదో చెప్పబోయాడు. ఆమె చెయ్యి విడిపించుకుంది.

"జోనాస్ పెంకెత్ భార్య సముద్రంలో పోలేదు" అంది. వెనక బెంచీ దాకా వినిపించింది. "నేనూ వెళ్ళననలేదు."