చిన్నోడు లేవలేదు

ఆసుపత్రి వెబ్‌సైటును మోసే జావా సర్వర్లు రెండు. వాటిని నిలబెట్టిన ఇంజినీరు ఒకావిడ. అందుకే పెద్దోడు, చిన్నోడు అని పేర్లూ ఆవిడే పెట్టుకుంది. కొత్త ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు ముందు పెద్దోణ్ణి ఆపాలి. వాడు లేచి తిన్నగా నిలబడ్డాకే చిన్నోడి జోలికి వెళ్లాలి. అలా చేస్తే సైటు ఎవరికీ ఆగదు. ఈ కిటుకులన్నీ పక్క సీటతనికి ఓపిగ్గా నేర్పింది. ఆఫీసులో అందరూ అతణ్ణి ఆవిడ తమ్ముడనే అనేవారు.

ఆవిడ నాన్నకు కంటి ఆపరేషన్ అయిన రోజు సాయంత్రం అతను ఫోన్ చేశాడు.

"అక్కా, కొత్త ప్రోగ్రాం అర్జెంటుగా ఎక్కించమంటున్నారు. నీ పాస్‌వర్డ్ చెప్పవా?"

చెప్పకూడదని తెలుసు. తమ్ముడే కదా అని చెప్పేసింది.

అతను ఆత్రం కొద్దీ ఇద్దర్నీ ఒకేసారి పడుకోబెట్టాడు, లేపడం చేతకాలేదు. రాత్రంతా సైటు ఆగిపోయింది. పొద్దున్న ఆవిడ పరుగెత్తుకొచ్చేసరికి మేనేజరు నిప్పులు కక్కుతున్నాడు.

"మీ లాగిన్‌తోనే జరిగింది. ఏమంటారు?"

"నిన్న నేను సెలవు సార్. పాస్‌వర్డ్ తమ్ముడికి చెప్పాను."

"నాకా? ఎప్పుడక్కా?" అన్నాడతను. పైగా జాలి ఒకటి. "ఇంటి నుంచి చేసుంటుంది సార్. వాళ్ల నాన్న ఆపరేషన్ టెన్షన్లో చూసుకోలేదేమో."

నాన్న సంగతి ఆఫీసులో అతనొక్కడికే చెప్పుకుంది.

"ఇకనుంచి సర్వర్లు నువ్వే చూసుకో. ముందు లేపు," అని అతనికి చెప్పి, ఫోన్ మోగితే మేనేజరు బయటికి వెళ్లాడు.

అతను ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు. తెర ఆవిడ పాస్‌వర్డ్ అడిగింది. అతను ఎవర్నీ అడగలేదు, టకటకా కొట్టేశాడు. కొట్టాక తెలిసొచ్చింది కాబోలు, చెవులు ఎర్రబడ్డాయి. తల మాత్రం తిప్పలేదు. మేనేజర్ని పిలవబోయి ఆవిడ ఆగిపోయింది. పిలిచినా మళ్లీ "ఎప్పుడక్కా" అనేగా అంటాడు.

పెద్దోడు లేచాడు. చిన్నోడు లేవలేదు.

"అక్కా, వీడు లేవట్లేదు," అన్నాడు గొంతు తగ్గించి.

పొద్దుటి రద్దీని పెద్దోడొక్కడే మోయలేకపోతున్నాడు. సైటు తెరుచుకోవట్లేదని రోగులు చేసే ఫోన్లు పక్క గదిలో మోగుతూనే ఉన్నాయి. వాళ్లేం పాపం చేశారు?

"పాత ప్రోగ్రాం ఇంకా చావలేదు, లోపల నడుస్తూనే ఉంది. ముందు దాన్ని ఆపి, మళ్లీ మొదలుపెట్టు."

చిన్నోడు లేచాడు.

"థాంక్సక్కా!"

ఆవిడ బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"నన్నిక అక్కా అనకు. మేడమ్ అను."