లెక్కలోకి రాని పొగ

ఇంట్లో వాళ్లు ఆమెను మీటరమ్మ అనేవాళ్లు. చిన్నప్పటి నుంచీ మనిషి లేని గదిలో దీపం వెలుగుతుంటే ఆమె ప్రాణం ఊరుకునేది కాదు. అన్నం తింటున్నా సరే, లేచి వెళ్లి ఆర్పి వచ్చేది. తమ్ముడు స్నానాల గదిలో ఉండగానే ఆర్పేసి తిట్లు తిన్న రోజులూ ఉన్నాయి. ఆ పిచ్చే చదువైంది, చదువే ఉద్యోగమైంది. నలభై దాటేసరికి బొగ్గు, చమురు, కరెంటు వాడకం వల్ల గాలిలో కలిసే కాలుష్యాన్ని తగ్గించే ప్రభుత్వ పథకాలకు ఆమె సలహాదారు అయి కూర్చుంది.

కూర్చున్న చోటు మాత్రం ఆమెకు ఏనాడూ నచ్చలేదు. ఆ ఆఫీసు కిటికీల అద్దాల నిండా గాలిమరల బొమ్మలు అతికించి ఉండేవి. బయటి వెలుతురు లోపలికి రాదు. అందుకని మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబులైట్లు వెలగాల్సిందే. చేరిన కొత్తలో ఆ బొమ్మలు పీకించమని అడిగితే డైరెక్టరు చిరునవ్వు నవ్వి, ఫొటోలకు బాగుంటాయి, ఉండనివ్వండి అన్నాడు. అప్పుడే ఆమెకు ఎవరో తాగిన గ్లాసులో తాగినట్టనిపించింది. కానీ పని ముఖ్యం కదా అని సర్దుకుంది.

ఆ పనుల్లో పెద్దది ఒక పాత బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని మూసేయడం. ఆ కేంద్రం పక్కనే ఒక మోస్తరు ఊరు ఉంది. కేంద్రం నుంచే ఆ ఊరికి కరెంటు. మీటరమ్మ ఇచ్చిన సలహా సూటిగా ఉంది. కొండల మీది గాలిమరల నుంచి కొత్త లైను వేయాలి, ఊరి బయట సబ్‌స్టేషన్ కట్టి రెండు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టాలి, ఒక ఎండాకాలం అంతా నడిపి చూడాలి, ఆ తర్వాతే పాత బాయిలర్లు ఆర్పాలి. ముందు కొత్తది వెలగాలి, ఆపైన పాతది ఆరాలి. ఈ ఒక్క మాటనే ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగా రాసింది. డైరెక్టరు ప్రతిసారీ తల ఊపాడు.

ఆమె దేశానికి ఆ చివర ఇంకో పథకం మీద ఉన్నప్పుడు కేంద్రం మూసేశారు. సబ్‌స్టేషన్ సంగతి ఫోన్లో అడిగితే, అంతా సిద్ధం, బ్రహ్మాండంగా ఉంది అన్నాడు డైరెక్టరు. ఆమె నమ్మింది. కొన్ని నెలల తర్వాత, ఇన్ని లక్షల టన్నుల కాలుష్యం తగ్గిందని చెప్పే నివేదిక సంతకానికి ఆమె బల్ల మీదికి వచ్చింది. ఊరు చూడకుండా సంతకం పెట్టనంది. చూడ్డానికేముంది, అన్నీ ఇక్కడే ఉన్నాయి కదా అని డైరెక్టరు నసిగాడు. ఆమె బస్సెక్కింది.

బస్సు దిగగానే ముందు చెవులకు తెలిసింది, తర్వాత ముక్కుకు. వీధి పొడుగునా ప్రతి దుకాణం ముందూ ఒక జనరేటరు, దొంగలెత్తుకుపోకుండా స్తంభానికి గొలుసుతో కట్టేసి ఉంది. మందుల షాపుకొకటి, క్షౌరశాలకొకటి, జిరాక్సు కొట్టుకొకటి. అన్నీ ఒక్కసారే దడదడలాడుతుంటే పక్క మనిషికి మాట వినపడాలన్నా అరవాల్సి వస్తోంది. నీలం రంగు పొగ పైకి పోకుండా సరిగ్గా చిన్నపిల్లల మొహాల ఎత్తులో తేలుతోంది. గోడలు మసిబారి జిడ్డుగా ఉన్నాయి. మేడల మీద ఆరేసిన తెల్ల దుప్పట్లు బూడిద రంగుకు తిరిగాయి. ఒకావిడ పళ్లబండి మీద పళ్లను తడిగుడ్డతో ఒక్కొక్కటే తుడిచి పేరుస్తోంది. చివరి పండు తుడిచేసరికి మొదటిది మళ్లీ మసిపడుతోంది. మీటరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పెట్టుకున్నందుకు సిగ్గేసి తీసేసింది.

మందుల షాపు పైన సంగీతం టీచరు ఇల్లు ఉంటే, మెట్లెక్కి వెళ్లి తలుపు తట్టింది. తలుపుల సందులన్నీ ప్లాస్టర్లతో మూసుకున్నారు. ఆవిడ కుర్చీ తుడిచి వేసింది, తుడిచిన గుడ్డ నల్లగా అయింది. కరెంటు సంగతి అడిగితే, తెల్లవారుజామున అందరూ పడుకున్నాక వస్తుందనీ, లేచేసరికి పోతుందనీ చెప్పింది. కేంద్రం మూసినప్పుడు తామంతా సంతోషించామనీ, బూడిద పీడ వదిలిందనుకున్నామనీ చెప్పింది.

"ఆ పెద్ద గొట్టం కనీసం ఆకాశంలో ఊదేదమ్మా. ఇవి తిన్నగా ముక్కుల్లోనే ఊదుతున్నాయి," అంది. తర్వాత నవ్వుతూ, "పిల్లలకి ఇప్పుడు నేను శ్రుతి పట్టక్కర్లేదు. కింద జనరేటరు పడుతోంది. అందరూ దానికి తగ్గట్టే పాడుతున్నారు," అంది.

ఆవిడ నవ్వింది గాని మీటరమ్మకు నవ్వు రాలేదు.

అక్కణ్ణుంచి సబ్‌స్టేషన్‌కు వెళ్లింది. ప్రహరీ ఉంది, ఇనుప గేటు ఉంది, ప్రారంభోత్సవం శిలాఫలకం ఉంది. లోపల రెండు సిమెంటు దిమ్మెలు ఖాళీగా ఉన్నాయి. దిమ్మెల్లోంచి పైకి లేచిన బోల్టులకు ఎవరో తాడు కట్టి బట్టలు ఆరేసుకున్నారు. ఓ మూల అరువు తెచ్చిన చిన్న ట్రాన్స్‌ఫార్మరు, ఊరి బరువంతా దాని నెత్తినే ఉన్నట్టు మూలుగుతోంది. పెద్దవి ఏవని కాపలా మనిషిని అడిగింది. అవి లారీ మీద వచ్చాయనీ, ఫొటోలు తీశారనీ, లారీ దించకుండానే వెనక్కి తిరిగిందనీ చెప్పాడు. ఎటు పోయిందో తనకు తెలియదన్నాడు.

తిరిగి బస్సు కోసం నడుస్తుండగా జనరేటర్ల మీద అతికించిన పసుపు కాగితం ఆమె కంటబడింది. ఏ జనరేటరు చూసినా అదే కాగితం, అదే ఫోన్ నంబరు. ఆ నంబరు ఆమెకు నోటికొచ్చు. అది ఆమె తమ్ముడిది.

తమ్ముడు అంతకుముందు బాత్రూం టైల్సు అమ్మేవాడు. ఏదో మిషన్ల వ్యాపారంలోకి మారాడని విన్నది గాని ఆమె ఆరా తీయలేదు. ఆ సాయంత్రమే వాడింటికి వెళ్లింది. కొత్త సోఫాలు, కొత్త కారు. అమ్మ వాడి దగ్గరే ఉంటోంది. అక్క వచ్చిందని వాడు సంబరపడి, భార్యను కూర్చోబెట్టి తనే వడ్డించాడు. మీటరమ్మ కంచం ముందు కూర్చుని, ఆ ఊళ్లో జనరేటర్లు అమ్మాలని నీకెలా తోచిందిరా అని అడిగింది.

"నువ్వే కదక్కా చెప్పావు," అన్నాడు తమ్ముడు.

ఎప్పుడని అడిగితే గుర్తు చేశాడు. అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రి వరండాలో కూర్చుని, సబ్‌స్టేషన్ కాకముందే కేంద్రం మూస్తారేమో, మూస్తే ఆ ఊరు చీకటైపోతుందని ఆమె బెంగపడింది. అందరూ ఊ కొట్టారు. వాడొక్కడే శ్రద్ధగా విన్నాడు. మర్నాడే అప్పు చేసి సరుకు బుక్ చేశాడు.

"నువ్వు దీపాలు ఆర్పుతావు, నేను వెలిగిస్తాను. ఇద్దరం కలిస్తేనే కదా ఇల్లు," అని వాడు నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది.

అంతటితో ఆగలేదు. ఆ ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కడికి పోయాయో మీ ఆఫీసులో నీకు చెప్పలేదా అని ఆశ్చర్యపోయాడు. రాజధానిలో కొత్తగా కట్టిన సభాభవనానికి పోయాయట. వచ్చే నెల అక్కడ పెద్ద అంతర్జాతీయ సభ, భూమి వేడెక్కకుండా ఏం చేయాలో మాట్లాడుకోవడానికి. భవనం గోడలన్నీ రంగురంగుల దీపాలు, నీళ్ల ఫౌంటెన్లు. ఉన్న కరెంటు చాలదని ఊరికి రావాల్సినవి అటు మళ్లించారు. ఆ భవనానికి ముందుజాగ్రత్తగా పెట్టే జనరేటర్లు వాడివే కాబట్టి వాడికి తెలిసింది.

మీటరమ్మ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. మింగలేక, ఉమ్మలేక, లేచి వెళ్లి చేయి కడుక్కుంది. వాడేం దొంగతనం చేశాడే, ఎందుకంత ముఖం పెడతావు అని అమ్మ కోప్పడింది. నిజమే, వాడు దొంగతనం చేయలేదు. ఇది తప్పని వేలు పెట్టి చూపించడానికి అక్కడేమీ లేదు. ఆమెకు ఎక్కువ రోత పుట్టించింది అదే.

మర్నాడు డైరెక్టరు గదిలో ఆమె ఇదంతా చెబితే అతను ఒక్కటీ కాదనలేదు. సభ అంటే దేశం పరువు కదా, నాలుగు రోజులు సర్దుకోవాలి అన్నాడు. మరి జనరేటర్ల పొగ మాటేమిటి అంటే, అవి చిన్నవి, అంత చిన్నవాటిని లెక్కించమని నిబంధనల్లో లేదు, కనుక అది మన పథకం పరిధి బయట అన్నాడు.

"ఆ పొగ పీల్చేవాళ్లు పరిధిలో ఉన్నారా, బయట ఉన్నారా?" అని అడిగింది మీటరమ్మ.

అతను కళ్లజోడు తుడుచుకుని, ఆమె మనసు తనకు తెలుసనీ, తను కూడా ఆలోచించాననీ చెప్పాడు. వచ్చే ఏడాది ఆ జనరేటర్లన్నీ తీయించే పథకం ఒకటి పెడదాం, దానికి మీరే పెద్దగా ఉండండి, ఆ తగ్గుదల కూడా మన ఖాతాలోకే వస్తుంది అన్నాడు. చిన్నపిల్లకు చాక్లెట్టు చూపించినట్టు చూపించాడు. అంటే పుండు చేసిందీ వీళ్లే, మందు అమ్మేదీ వీళ్లే. మధ్యలో ఆమె సంతకం. ఆమె బయటికొచ్చి ముఖం కడుక్కోవడానికి వెళ్లింది. అక్కడ మనిషి లేకుండా దీపం వెలుగుతోంది. చేయి దానంతటదే వెళ్లి ఆర్పింది. చీకట్లో నిలబడి, ఇన్నేళ్లూ తాను చేసింది ఇంతేనా అనుకుంది. వెలుతురులోకి వచ్చాక తన చేతిని తనే అసహ్యంగా చూసుకుంది.

సంతకం పెట్టలేదు. ఆ వారంలోనే పథకానికి డబ్బిచ్చే విదేశీ సంస్థ నుంచి పరిశీలకులు ఊరు చూడ్డానికి వచ్చారు. డైరెక్టరు ఆమెను పిలవలేదు. ఆమే బస్సెక్కి వెళ్లింది. చూస్తే ఊరు పెళ్లిచూపులకు ముస్తాబు చేసినట్టుంది. వీధులు కడిగారు. జనరేటర్ల మీద టార్పాలిన్ పట్టాలు కప్పి ముందు పూలకుండీలు పెట్టారు. పక్క ఊరికి కరెంటు ఆపి ఆ రోజుకు ఇటు ఇచ్చారు. పగలే వీధి దీపాలు వెలుగుతున్నాయి. జనం కూడా నోరు మెదపలేదు. బుద్ధిగా ఉంటే కరెంటు ఇలాగే ఉంటుందని వాళ్లకు ఆశ పెట్టారు.

మీటరమ్మ ఆ పరిశీలకుల్లో పెద్దావిడ దగ్గరికి వెళ్లి, తానెవరో చెప్పి, పక్కనే సబ్‌స్టేషన్ ఉంది, ఒక్కసారి వచ్చి చూడమంది. భోజనాల వేళయిందని డైరెక్టరు అడ్డం పడ్డాడు. పెద్దావిడ అతణ్ణి దాటుకుని నడిచింది. గేటు తీశాక ఖాళీ దిమ్మెలను, బోల్టులను, ఆరేసిన లుంగీలను చాలాసేపు చూసింది. తెలివైన మనిషి, విడమరిచి చెప్పే పని పడలేదు. మీటరమ్మ మనసులో ఏదో కొంచెం తేలికపడింది. అప్పుడా పెద్దావిడ ఆమెను పక్కకు తీసుకెళ్లి మెల్లగా మాట్లాడింది. మీరు చెప్పేది నూటికి నూరుపాళ్లు నిజం, కానీ ఈ ఏడాది ఒక కేంద్రం మూయించామని మేమూ పైన చూపించుకోవాలి, ఇప్పుడిది బయటపెడితే మొత్తం దేశానికి డబ్బు ఆగిపోతుంది, వచ్చే నివేదికలో తప్పక రాస్తాం, అప్పటిదాకా ఆగగలరా అని అడిగింది.

"నేను ఆగగలను. ఈ ఊరు ఊపిరి బిగబట్టుకుని ఆగలేదు," అంది మీటరమ్మ.

పెద్దావిడ ఆమె భుజం తట్టింది. ఆ చేయి ఎంతో మెత్తగా, సబ్బు వాసనతో ఉంది. డైరెక్టరు నవ్వును మించి ఆ చేయే ఆమెను ఎక్కువ రోజులు బాధపెట్టింది.

నివేదిక ఆమె పేరు లేకుండా వెళ్లిపోయింది. ఆమె ఉద్యోగం మానేసింది. ఖాళీ దిమ్మెల ఫొటో, ధగధగలాడే సభాభవనం ఫొటో పక్కపక్కన పెట్టి ఒక పత్రికకు పంపింది. వాళ్లు సరిగ్గా సభ మొదలైన రోజు లోపలి పేజీలో వేశారు. అయినా ఎవరో ఆ పేజీ తెరిచి వేదిక మీదివాళ్లను నిలదీశారు. మంత్రిగారు తడబడి, ట్రాన్స్‌ఫార్మర్లు తాత్కాలికంగా తెచ్చామనీ, సభ అవగానే ఊరికి పంపేస్తామనీ అందరి ముందూ అనేశారు. అన్నాక చేయక తప్పలేదు. లారీ మళ్లీ ఊళ్లోకి వచ్చింది, ఈసారి దించింది. ఒకటి బిగించారు. రెండోది ఇదిగో అదిగో అంటున్నారు. ఒక్కదానికే వీధిలో సగం జనరేటర్లు నోరు మూసుకున్నాయి. సంగీతం టీచరు ఫోన్ చేసి, తలుపుల ప్లాస్టర్లు పీకేస్తున్నామని చెప్పింది.

డైరెక్టరుకు ఏమీ కాలేదు. అంతకంటే పెద్ద పదవిలోకి వెళ్లాడు. ఆ కబురు విన్న రోజు మీటరమ్మ లేచి వెళ్లి సింకులో ఉమ్మేసి వచ్చింది.

అలాంటి రోజుల్లోనే తమ్ముడు ఫోన్ చేశాడు. సరుకు వెనక్కి వచ్చిందనీ, గోడౌన్ నిండిపోయిందనీ చెప్పి, "అక్కా, ఆఫీసులో నీకు తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు కదా. తర్వాత ఏ ఊరు?" అన్నాడు. వాడి గొంతులో మొహమాటం మచ్చుకైనా లేదు. ఆమె ఒక ఊరి పేరు చెప్పింది. అది నీళ్లతో కరెంటు తీసే పెద్ద ఆనకట్ట కింది ఊరు. అక్కడ కరెంటు పోవడమంటే ఏమిటో పిల్లలకు కథలా చెప్పాలి. వాడు మారుమాట లేకుండా లారీలు కట్టించాడు.

నెల తిరక్కుండా అగ్గిమీద గుగ్గిలమై ఊడిపడ్డాడు. అద్దెకు తీసుకున్న కొట్టు, దించిన సరుకు, ఒక్కటీ కదల్లేదట. నీ మాట మీదే కదా అంత దూరం పోయానన్నాడు.

"సలహాదారుని కదరా. సలహా అడిగావు, ఇచ్చాను," అంది మీటరమ్మ.

వాడు తలుపు విసురుగా వేసి వెళ్లిపోయాడు. జీవితంలో మొదటిసారి అంత పెద్ద అబద్ధం ఆడింది కాబట్టి కాస్త తృప్తిగా ఉంటుందనుకుంది. ఉండలేదు. డీజిల్ అంటిన చేతికి ఎంత సబ్బు రాసినా వాసన పోనట్టు ఆ రోత అలాగే మిగిలింది.

ఇప్పుడామె రెండు మూడు చిన్న ఊళ్ల పురపాలక సంఘాలకు సలహాలు చెబుతోంది. ఊరి పక్క కేంద్రం మూస్తామని ఎవరైనా వస్తే ముందు ఏమేం అడగాలో వాళ్లకు నేర్పుతుంది. అంతా సిద్ధమని ఎవరు చెప్పినా, చివరికి తాను చెప్పినా సరే, వెళ్లి కళ్లతో చూడందే నమ్మొద్దంటుంది. తమ్ముడు ఆమెతో మాట్లాడ్డం లేదు. అమ్మే మధ్యలో ఫోన్ చేస్తుంటుంది. మొన్న చేసినప్పుడు, వాడు జనరేటర్లన్నీ తెగనమ్మేసి సౌరఫలకాల డీలర్‌షిప్ తీసుకున్నాడని చెప్పింది.

"ఏ ఊళ్లో అమ్మాలో నిన్ను మాత్రం అడగడటే," అంది అమ్మ.

మీటరమ్మ చాలా రోజుల తర్వాత పైకి వినపడేలా నవ్వింది.