లిదియమ్మ ఎడమ బుగ్గ

లిదియమ్మ అద్దం ముందు కూర్చుని పప్పుబద్దంత సీరం వేలి మీదికి తీసుకుని ఎడమ బుగ్గకు మాత్రమే రాసుకుంది. కుడి బుగ్గకు చుక్క కూడా తగలనివ్వలేదు. రెండు బుగ్గల మీదా పదేళ్ల నాటి మంగు మచ్చలు, చింతపండు రంగులో. పన్నెండు వారాలుగా పొద్దునా సాయంత్రం ఇదే పని. ఈ రోజుతో గడువు పూర్తి. ఉదయగిరి మందుల షాపులో ఉద్యోగం కూడా ఈ రోజుతోనే పూర్తి. మోకాళ్లు ఇక నిలబడనివ్వడం లేదు. సాయంత్రం బస్సుకు ఆత్మకూరులో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది.

ఇరవై ఆరేళ్లు ఆ కౌంటర్ వెనక నిలబడిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. నూనె రాసి బిగించిన ముడి సాయంత్రమైనా సడలదు. చదివింది పదో తరగతే. కానీ మొహానికి రాసే మందు ఏది కొత్తగా వచ్చినా, ముందు తన సగం మొహం మీద చూసుకోనిదే మంచిదని నోట అనదు. ఏ పక్క రాసిందో ఎవరికీ చెప్పదు. ఊళ్లో ఆడవాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

ఈ పట్టుదల ఊరికే రాలేదు. ఒకప్పుడు పక్కింటి పెంచలమ్మకు పది రోజుల్లో తెల్లబరిచే క్రీము తనే ఇచ్చింది. తెల్లబడింది, నిజమే. మానేసిన నెలకు బుగ్గలు ఎర్రగా మండిపోయి, పెంచలమ్మ ఏడాదిపాటు కొంగు కప్పుకుని తిరిగింది. అందులో స్టెరాయిడ్ ఉందని లిదియమ్మకు అప్పటిదాకా తెలియదు. తెలియకపోవడమే తన తప్పనుకుంది.

"ఏందక్కా, చివరిరోజన్నా చెప్పు. ఏ పక్క?" అన్నాడు షాపు యజమాని రాజమోహన్.

"నీకు తొందరెక్కువ," అందామె.

పదకొండు గంటలకు వరికుంటపాడు నుంచి మధులత వచ్చింది. గొర్రెలు మేపే ఇంటి పిల్ల. డిగ్రీ సెలవుల్లో తనూ మందతో తిరిగి, బుగ్గలకు నల్లమచ్చలు తెచ్చుకుంది. పదిహేను రోజుల్లో నెల్లూరులో నగల షాపు ఇంటర్వ్యూ ఉంది.

"పెద్దమ్మా, ఆ పదిరోజుల క్రీము ఇయ్యి. మా కాలేజీ నిరోషకి పనిచేసింది."

"డాక్టరు చీటీ లేకుండా అది నేనియ్యను పాపా."

"అయితే నియాసినమైడ్ అని ఫోన్లో అందరూ చెప్తా ఉండారే, అదన్నా పనిచేస్తాదా? లేదంటే ఇంకో షాపులో ఆ క్రీమే తీసుకుంటా."

లిదియమ్మ పన్నెండు వారాలుగా రాసుకుంటున్నది ఆ నియాసినమైడ్ సీరమే. జవాబు తనకూ తెలియదు. రోజూ చూసుకునే మొహంలో తేడా పట్టడం కష్టం. తేడా లేదంటే ఈ పిల్ల పెంచలమ్మ అవుతుంది. లేని తేడా ఉందని చెప్పడం ఆమె వల్ల కాదు. కౌంటర్ పలక ఎత్తి బయటికొచ్చి, ఎండలో నిలబడి మొహం పైకెత్తింది.

"పన్నెండు వారాలు ఒక బుగ్గకే రాసినాను. ఏ పక్కో నువ్వే చెప్పు."

మధులత అటు చూసింది, ఇటు చూసింది. చివరికి ఎడమ బుగ్గను వేలితో తాకింది.

"ఈ పక్క. మచ్చ పోలా. కానీ పలచబడి ఉండాది."

ఒక్కరి మాట చాలదు. మధులతను స్టూలు మీద కూర్చోబెట్టి, వచ్చిన ప్రతి మనిషినీ ఎండలోకి పిలిచి అడిగింది. పదకొండు మందిలో ఎనిమిది మంది ఎడమ అన్నారు. ఇద్దరు తేడా లేదన్నారు. ఆటో దస్తగిరి మాత్రం, "రెండూ బాగానే ఉండాయి లిదియమ్మా," అన్నాడు. ఆమె పకపకా నవ్వింది. ఇంత గర్వం ఆమెకు ఏ జీతం రోజునా కలగలేదు.

"తెల్లగా కావు పాపా. మచ్చ తగ్గుతాది, అదీ కొంచెమే. మూడు నెలలు రాయాల. ఎండలో గొడుగు లేకుండా పోబాకు. మంటెత్తితే ఆపెయ్యి."

"మరి ఇంటర్వ్యూ?"

"ఈ మొహంతోనే పో. నేను ఇరవై ఆరేళ్లు మంగు మొహంతోనే ఈడ నిలబడినా. మందుకొచ్చినోళ్లు ఎవరన్నా వెనక్కి పోయినారా?"

మధులత ఆ క్రీము మాట మళ్లీ ఎత్తలేదు. సీరం తీసుకుని వెళ్లింది.

అయిదింటికి లిదియమ్మ చేతులు కడుక్కుని సంచీ భుజాన వేసుకుంది. రాజమోహన్ లేచి నిలబడ్డాడు.

"రేపటినుంచి ఎవరన్నా అడిగితే ఏం చెప్పేదక్కా?"

ఆమె మందుల అట్టపెట్టె మూత చింపి, పెన్ను అడిగి, నిలబడే ఏదో రాసి అరలో పెట్టింది. బస్సు కదిలాక రాజమోహన్ అర దగ్గరికి వెళ్లాడు. సీరం సీసాల ముందు ఆ అట్టముక్క నిటారుగా నిలబడి ఉంది: "పనిచేస్తుంది. కొంచెం. మూడు నెలలు ఓపిక పట్టాలి. నా మొహం మీద చూసినాను. లిదియమ్మ."