రెండు దెబ్బలు

ఆగండి. చేతిలో పనుంటే కాసేపు పక్కన పెట్టి వినండి. టక్, టక్. కాస్త ఆగి మళ్లీ టక్, టక్.

ఆస్పత్రి మంచం ఇనుప కమ్మీ మీద ఓ వేలి కణుపు కొడుతున్న చప్పుడది. ఆ వేలు రాళ్లకు పాలిష్ పట్టే మనిషిది. పంతొమ్మిదేళ్లు రాతిపొడి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు బండబారిపోయాయి. నోట్లో గొట్టం, పక్కన ఊపిరి పోసే మిషను. పదిహేను రోజులుగా మాట లేదు.

డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పేసింది. "ఇది తగ్గే జబ్బు కాదు. గొంతు దగ్గర కోత పెట్టి గొట్టం అమరిస్తే ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటాడు. వద్దంటే మిషను తీసేసి, బాధ తెలియకుండా మందిస్తాం. తనకేం కావాలో ఎప్పుడైనా చెప్పాడా?"

"ఇప్పుడు చెబుతున్నాడు కదండీ" అంది పెళ్లాం, వేలు చూపిస్తూ. కోతకు సంతకం పెట్టాల్సిన కాగితం ఆమె చేతిలోనే ఉంది.

"చెప్పడమేంటి? నరాలు కొట్టుకుంటున్నాయి" అన్నాడు ఆమె బావగారు. పడుకున్నవాడికి అన్న, పాలిష్ షెడ్డుకు మేస్త్రీ.

"ఇద్దరూ ఒక్క మాటకు రండి" అని డాక్టరమ్మ పక్క మంచానికి వెళ్లింది.

"మీకు తెలీదా బావగారూ?"

తెలియకేం. షెడ్డు మోతలో అరిచినా వినపడదు. అందుకే పైపు మీద సుత్తితో రెండు దెబ్బలు: మిషను ఆపు. ఎవరు కొట్టినా, దగ్గరున్నవాడు ముందు ఆపాలి, తర్వాత అడగాలి. ఆ నియమం పెట్టింది మేస్త్రీయే. ఆమె కూడా అక్కడే పనిచేసేది. ఒకసారి ఆమె చేతి తొడుగు మిషను బెల్టులో ఇరుక్కుంటే మొగుడు రెండు దెబ్బలు కొట్టాడు, మేస్త్రీ ఆపాడు. ఇప్పుడు కాగితం పట్టుకున్నది ఆ చెయ్యే.

"తెలిస్తే? అక్కడ ఆపింది మళ్లీ తిప్పేవాణ్ణి. ఇది మళ్లీ తిరుగుతుందా?"

"తిరగదు."

"చాకిరీ చేసి చేసి విసుగొచ్చిందని చెప్పు. వాడి పేరు చెప్పి వదిలించుకోకు."

"వచ్చింది, కాదనను. నా విసుగు నాది. ఆ వేలు ఆయనది."

"మొగుణ్ణి మింగిందంటారు నలుగురూ."

"అననీండి. ఆయన మాస్కులు అడిగితే, ముక్కుకి గోచీ ఎందుకురా అని నవ్వారే, ఆ రోజు మిమ్మల్నెవరూ ఏమీ అనలేదుగా."

"అందుకే వాణ్ణి పోనివ్వను" అన్నాడు మేస్త్రీ. జేబులోంచి కలం తీసి ఆమె వేళ్ల మధ్య కుక్కాడు. "పెట్టు."

ఆమె కలానికి మూత బిగించి, కాగితంతో పాటు మంచం మీద పెట్టింది. "కోతకు నేను పెట్టను."

"నువ్వు కాకపోతే నేను పెడతా. తోడబుట్టినవాణ్ణి" అంటూ కలం అందుకున్నాడు.

టక్, టక్.

మేస్త్రీ రెండో చెయ్యి పాత అలవాటున గోడమీది మిషను స్విచ్చు వైపు లేచింది. సగంలో ఆగిపోయింది. దించనూ లేదు, చాపనూ లేదు. ఆమె ఆ చేతినే చూస్తోంది.

మీరు ఆ మంచం పక్కన ఉంటే ముందు ఆపుతారా, ముందు అడుగుతారా?