తలుపు తగిలింది

ఆ మరక ఎంతకీ పోలేదు. తెల్ల చొక్కా మీద, జేబుకి కాస్త పైన, ఆవగింజంత నల్ల చుక్క. ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి తడివేలితో రుద్దింది, సబ్బు రాసి రుద్దింది, ఆఖరికి చొక్కా మొత్తం మళ్ళీ ఉతికి, ఫ్యాను కింద ఆరేసి, మళ్ళీ ఇస్త్రీకి నిలబడింది. చుక్క పోలేదు సరికదా, ఇప్పుడు కాలరు మీదికి వచ్చింది. తలెత్తి చూస్తే గోడ మీద ఉంది. కిటికీ అద్దం మీద ఉంది. కన్ను ఎటు తిప్పితే అటు ఈగలా పరుగెడుతోంది. మరక చొక్కాది కాదు, తన కంటిదని తెలుసుకోవడానికి ఒక మనిషి చొక్కాని రెండుసార్లు ఉతకాలా అంటే, ఆమెలాంటి మనిషైతే ఉతకాలి. ఇంట్లో ఏ తేడా కనబడ్డా ముందు తన చేతిలోనే తప్పు వెతుక్కోవడం పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆమెకి బాగా వంటబట్టిన విద్య.

"ఏమండీ, ఎడమ కంట్లో ఏదో నల్లగా తిరుగుతోంది," అంది ఆ సాయంత్రం భర్తతో.

"నిద్ర చాలక. అమ్మ కంటి చుక్కలు మిగిలున్నాయిగా, అవేసుకో," అన్నాడాయన ఫోన్లోంచి తలెత్తకుండా.

"వేసుకోవాలంటే ముందు కన్ను తెరవాలి కదరా నాయనా!" అని అత్తగారు నవ్వింది. ఆయనా నవ్వాడు. వాళ్ళతో పాటు ఆమె కూడా నవ్వేసింది.

నవ్వరూ మరి! కన్నంటే ఆమెకి ఒళ్ళు జలదరింపు. పక్కవాళ్ళు కంట్లో నలుసు తీసుకుంటున్నా చూడలేదు. కిందటేడు అత్తగారికి శుక్లాల ఆపరేషనైతే రోజుకి ఆరుసార్లు చుక్కలు వేసింది ఆమే. వేసి, స్నానాల గదిలోకి పరుగెత్తి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో వాంతి చేసుకునేది. ఆ వాంతి ఎవరికీ కనబడలేదు గానీ, చుక్క వేసేటప్పుడు మొహం అటు తిప్పుకోవడం మాత్రం ఇంటిల్లిపాదికీ కనబడింది. "కన్ను చూస్తే కళ్ళు తిరిగే కోడలు దొరికింది నాకు," అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకునేది అత్తగారు. ఆడపడుచు 'పిరికమ్మ' అని పేరు పెట్టింది. పేరు పెట్టినవాళ్ళకి ఏం పోయింది, మోసేవాళ్ళకి గానీ! కాలేజీలోనూ అంతే. జంతుశాస్త్రం లాబ్‌లో పదేళ్ళు పనిచేసిన మనిషి, ఉన్నట్టుండి ఇక్కడ నావల్ల కాదని ప్రిన్సిపాల్ని బతిమాలి ఆఫీసులోకి మారిపోయింది. లాబ్‌లోనే ఉండుంటే ఈపాటికి దానికి ఇన్‌ఛార్జి అయ్యేది. ఇప్పుడు సర్టిఫికెట్లు టైపు చేస్తోంది, గుమాస్తాలకి టీలు కూడా చెప్పి తెప్పిస్తోంది. "నరాల బలహీనత" అన్నాడు భర్త అప్పట్లో. కాబోలు అనుకుంది.

రెండు రోజులు అత్తగారి చుక్కలే వేసుకుంది, పళ్ళ బిగువున. మూడో రోజు టైపు చేస్తూ చేస్తూ కుడి కన్ను నలుపుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టుకునేసరికి, తెర మీద సగం పేర్లు లేవు. పైనుంచి నల్లటి నీడ ఒకటి దిగింది. చెయ్యి తీస్తే అంతా మామూలే, పెడితే నీడ. నాలుగైదుసార్లు తీసి పెట్టి చూసుకుంది.

కంటి డాక్టరు దగ్గరికి భర్త కూడా వచ్చాడు. ఆమె కోసం రాలేదంటే అన్యాయమే. ఆమె కోసమే వచ్చాడు, కాకపోతే ఆదివారం దృష్టిలో పెట్టుకుని వచ్చాడు. ఆఫీసులో కొత్తగా పెద్ద పదవి వచ్చింది, అక్కడివాళ్ళు ఇరవైమంది ఆదివారం భోజనానికి వస్తున్నారు. వంటమనిషిని పెడదామంటే, "మా ఆవిడ చేతి వంట అని అందరికీ చెప్పేశాను, పరువు తియ్యకు," అన్నాడు. ఇవాళ శుక్రవారం. ఈ కన్నేదో ఇవాళ చూపించేస్తే రేపు సామాన్లు తెచ్చుకోవచ్చు.

ఆసుపత్రిలో కూర్చున్న చోట ఎదురుగా గోడకి పెద్ద పటం ఉంది, నిలువునా కోసిన కన్ను. ఎర్రటి నరాలు, లోపల జిగురు. ఒక్కసారి చూసిందో లేదో తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది. "మా ఆవిడ బొమ్మకే పడిపోతుంది, ఇంక సూది చూపించారంటే మీకు మంచం ఖాళీ ఉండాలి," అని భర్త నర్సుతో హాస్యమాడాడు. నర్సు నవ్వలేదు. ఆమె రెప్పలు రెండు వేళ్ళతో విడదీసి, కంటిపాప పెద్దదయ్యే మందు వేసి, "ఇంకో అరగంట, ఊపిరి తీసుకుంటూ ఉండండి," అంది. ఊపిరి తీసుకోవాలని కూడా ఒకరు గుర్తు చేస్తే బాగుంటుందని ఆమెకి అప్పుడే తెలిసింది.

డాక్టరమ్మ పెద్దావిడ, మాటల్లో పొదుపు. ఆమెని వాలుకుర్చీలో పడుకోబెట్టి, నుదుటి మీద దీపం కట్టుకుని, చేతిలోకి చిన్న లోహపు పుల్ల తీసుకుంది.

"రెప్ప మీద నుంచి కొంచెం నొక్కుతాను. కన్ను లోపలి అంచులు కనబడాలి. నొప్పి ఉంటుంది, ప్రమాదం ఉండదు."

పుల్ల తగలగానే ఆమె డాక్టరమ్మ మణికట్టు పట్టేసుకుంది. వదలమంటే వదల్లేదు. ఒళ్ళంతా చెమట. సిగ్గుతో చచ్చిపోతోంది, కానీ వేళ్ళు ఆమె మాట వినడం లేదు.

"మొండితనం కాదండీ, పుట్టు పిరికిది," అన్నాడు భర్త పక్కనుంచి.

"నా చెయ్యి మీ కంటి కోసమేనమ్మా, వదలండి. ఆపమంటే ఆపేస్తాను, నాకు చెప్పండి చాలు," అంది డాక్టరమ్మ. మూడుసార్లు ఆపమంది. మూడుసార్లూ డాక్టరమ్మ ఆపింది. నాలుగోసారి ఆమె పళ్ళు గిట్టకరిచి పడుకుంది.

చూడటం అయ్యాక డాక్టరమ్మ దీపం తీసి పక్కన పెట్టింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"మూడు రోజులు."

"మూడు రోజులూ ఏం చేశారు?"

"మా అత్తగారి చుక్కలు వేసుకున్నానండీ."

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. కంటి వెనక గోడకి అంటించిన కాగితంలా ఒక పొర ఉంటుంది. చూపంతా దాని మీదే. ఆ పొర చిరిగి ఊడి వస్తోంది. నడిమి భాగం ఇంకా ఊడలేదు కాబట్టి ఇవాళ ఆపరేషన్ చేస్తే చూపు చాలా వరకు దక్కుతుంది. తర్వాత పదిరోజులు బోర్లా పడుకునే ఉండాలి, తినడానికీ స్నానానికీ తప్ప లేవకూడదు.

వినగానే ఆమెకి వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో చెప్తే మీరు నమ్మరు. ఇరవైమందికి వంటెవరు చేస్తారు? కన్ను పోతోందని ఒకరు ఎదురుగా కూర్చుని చెప్తుంటే, ఆమె మనసులో పొయ్యి మీద గిన్నెలు కదిలాయి. అలా ఆలోచించినందుకు ఆమెకే దిగ్భ్రమ కలిగింది. ఇది తన ఆలోచనేనా, లేక ఆ ఇల్లే తన బుర్రలో కూర్చుని ఆలోచిస్తోందా అనిపించింది.

"సోమవారం పెట్టుకోవచ్చా డాక్టరుగారూ? ఆదివారం మాకో చిన్న కార్యక్రమం ఉంది," అన్నాడు భర్త.

"సోమవారానికి ఆపరేషన్ ఉంటుంది, చూపు ఉంటుందని చెప్పలేను." డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "చిరిగిన చోట అంచున పాత మచ్చ ఉంది. ఎప్పుడైనా ఈ కంటికి దెబ్బ తగిలిందా?"

"ఆ, తలుపు తగిలింది. ఆరేళ్ళయింది," అన్నాడు భర్త, ఆమె నోరు తెరిచేలోగానే.

అవును, తలుపే. వంటింటి తలుపు, గాలికి విసురుగా వచ్చి తగిలింది. ఆమెకి ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ఆకుపచ్చ రంగు, పెచ్చులూడిన అంచు. పదిరోజులు కన్ను కమిలిపోయి ఉంటే కాలేజీలో అడిగిన వాళ్ళందరికీ చెప్పింది, పక్కింటివాళ్ళకి చెప్పింది, అక్కకి ఫోన్లో చెప్పింది.

"తలుపు కాదమ్మా," అంది డాక్టరమ్మ మామూలుగా, తారీఖు తప్పు పడితే దిద్దినట్టు. "తలుపు తగిలితే ముందు కనుబొమ ఎముకకి తగులుతుంది, ఎముక కాచుకుంటుంది. కనుగుడ్డుకి నేరుగా తగలాలంటే వస్తువు చిన్నదై ఉండాలి, గట్టిదై ఉండాలి, వేగంగా రావాలి. గుర్తు చేసుకోండి. నాకు ఆపరేషన్‌కి తెలియాలి."

గుర్తు చేసుకోమంటే ఆమెకి ముందు గుర్తొచ్చింది మేక కన్ను. లాబ్‌లో ఏటా పిల్లలకి కోసి చూపించేది తనే. పొర మీద పొర విప్పుకుంటూ వెళ్ళి, లోపలి గుండ్రటి కటకాన్ని అరచేతిలో పెట్టుకుని, "చూడండర్రా, ఎంత అందంగా ఉందో!" అనేది. వాంతి లేదు, కళ్ళు తిరగడం లేదు. పదేళ్ళపాటు అది తన పని. ఆ పని అంటే తనకి ఇష్టం కూడా. మరి పుట్టు పిరికిదెవరు? ఏ రోజు నుంచి? ఆమె ఒక్కో ఏడాదే వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి ఆ ఆకుపచ్చ తలుపు ముందు నిలబడింది. తలుపు మూసే ఉంది. అది అసలు కదల్లేదు. కదిలింది ఇంకేదో. ఆయనకి ఆఫీసుకి ఆలస్యమైంది, తాళాలు తెమ్మన్నాడు, ఆమె తడిచేతులతో పరుగెత్తి ఒక గుత్తి తెచ్చి ఇచ్చింది. "ఇవి కాదే!" అన్న మాట, గలగలమన్న చప్పుడు, ఎడమ వైపు ఒక్కసారిగా తెల్లటి మంట.

"తాళాలు," అంది ఆమె.

"తాళాలా?" అంది డాక్టరమ్మ.

"నేనేమైనా కంటికి గురిచూసి విసిరానా? ఏదో కంగారులో... ఆరేళ్ళ కిందటి మాట ఇప్పుడెందుకు?" అన్నాడు భర్త.

ఎవరు విసిరారని ఇంకా ఎవరూ అడగనే లేదు. ఆ సంగతి ఆయనకీ అప్పుడే తట్టినట్టుంది, గొంతు సవరించుకుని గోడ వైపు చూశాడు.

ఆమె మాత్రం ఆయన్నే చూసింది. మందు వేసిన కంటికి మసకగా, రెండో కంటికి స్పష్టంగా కనబడ్డాడు. దెబ్బ తిన్నది తను, చెప్పీ చెప్పీ ఆ అబద్ధాన్నే నమ్మి నిజాన్ని నిజంగానే మరిచిపోయింది. కొట్టినవాడు మరిచిపోలేదు. నెలకోసారి 'పిరికమ్మ' అని ఇల్లంతా నవ్వినప్పుడు ఆయనకి తెలుసు. లాబ్ వదిలేస్తానంటే నరాల బలహీనత అన్నప్పుడు తెలుసు. మొన్న అమ్మ చుక్కలు వేసుకోమన్నప్పుడూ తెలుసు. పొర ఊడుతోందన్నప్పుడు కూడా ఆమెకి ఇంత దెబ్బ తగల్లేదు.

డాక్టరమ్మ కాగితం మీద ఒక మాట కొట్టేసి ఇంకో మాట రాసుకుంది. "మీరు బయట కూర్చోండి," అంది ఆయనతో.

లేస్తూ ఆయన ఆమె చెవి దగ్గరికి వంగాడు. "ఆదివారం గడిచాక నీ ఇష్టం వచ్చిన చోట చేయిస్తాను. నా పరువు చూడు."

"ఇవాళే చేయండి డాక్టరుగారూ," అంది ఆమె. "సంతకం నేనే పెడతాను. పదిరోజులూ మా అక్క ఇంట్లో ఉంటాను."

"కంటి పక్కన సూది వెయ్యాలి. మీరు మెలకువగానే ఉంటారు," అంది డాక్టరమ్మ.

"భయమేనండీ. చాలా భయం. అయినా చేయండి."

కాగితాలు వచ్చేలోగా అక్కకి ఫోన్ చేసింది. బయల్దేరుతున్నానంది అక్క. తర్వాత కూతురికి చేసింది. పదిహేనేళ్ళ పిల్ల, అప్పుడే బడినుంచి వచ్చినట్టుంది, వెనక నాయనమ్మ ఏదో అడుగుతోంది. పిల్ల బెంబేలు పడకుండా చెప్పాలని ఎన్నో మాటలు పేర్చుకుంది గానీ, తీరా పిల్ల గొంతు వినగానే ఒకటే వచ్చింది.

"అమ్మలూ, నాకు కంటికి చిన్న ఆపరేషన్ చేస్తారట. కంగారు పడకు."

"ఎడమ కన్నేనా అమ్మా?"

ఏ కన్నని తను చెప్పలేదు. ఎడమ కన్నని ఆ సాయంత్రం ఆయనతో అంది గానీ, పిల్లతో ఎప్పుడూ అనలేదు.

"నీకెలా తెలుసు?"

"ఆ రోజు నేను అక్కడే ఉన్నానుగా, బూట్లు వేసుకుంటూ." పిల్ల గొంతు బాగా తగ్గించింది, నాయనమ్మ వినకుండా. "మర్నాడు నువ్వే కూర్చోబెట్టి నేర్పావుగా అమ్మా, ఎవరడిగినా తలుపు తగిలిందని చెప్పమని. నేను ఎవరికీ చెప్పలేదమ్మా. ఇప్పటికీ తలుపనే అంటున్నాను."

అప్పటికి తొమ్మిదేళ్ళ పిల్ల. తన ముందు కూర్చుని, వచ్చీరాని ధైర్యంతో అప్పజెప్పి ఉంటుంది. పలక మీద అక్షరాలు నేర్పిన చేత్తోనే ఇదీ నేర్పింది. అది కూడా తను మరిచిపోయింది.

నర్సు చక్రాల కుర్చీ తెచ్చి పక్కన నిలబడింది. గాజు తలుపు అవతల ఆయన ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు, ఆదివారం సంగతే కాబోలు. ఆమె ఊపిరి తీసుకుంది.

"ఇంక అలా చెప్పొద్దమ్మా," అంది కూతురితో. "నాయనమ్మ పక్కనే ఉందా? ఫోన్ స్పీకర్లో పెట్టు."